వానలప్పుడు వచ్చే ఫార్వర్డ్‌లు

తిరుపతి

చిరంజీవులకు,

అల్పపీడనం అన్న మాట వినపడగానే మీ గ్రూపుల్లో మూడు రకాలు మొదలవుతాయి: రేపు బడికి సెలవు, కొండ మెట్ల మీద వరద, చెరువు కట్ట తెగింది. చాలావరకు ఎప్పుడో నిజంగా జరిగినవే, తేదీ ఊడిపోయి మళ్ళీ తిరుగుతుంటాయి. కాబట్టి ముందు అడగాల్సింది, ఇది ఎప్పటిది అని.

సెలవు కాగితం మీద తేదీ మార్చడం ఫోన్లో నిమిషం పని. మిగతా కాగితమంతా చదవండి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. తిరుపతి బడులకు చిత్తూరు కలెక్టర్ పేరుతో సెలవు ఇచ్చి ఉంటే అది అంతకుముందు కాగితం. తేదీకీ వారానికీ పొంతన ఉందో లేదో క్యాలెండర్ తీసి చూడండి. ఆ తర్వాత క్లాస్ టీచర్‌ను అడగండి.

వీడియో అయితే బోర్డు, బండి నంబరు, గుడి గోపురం లాంటిది స్పష్టంగా కనపడేచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. పైన అతికించిన రాతలు, ఎమోజీలు కత్తిరించేసి బొమ్మను బట్టి నెట్‌లో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అవి ఉంటే లెన్స్ ఆ రాతల వెంట పోవచ్చు, అసలు దృశ్యం దొరక్కపోవచ్చు. మెట్ల మీద నీళ్ళు ఉరుకుతున్న వీడియో వస్తే 2021 నవంబరు వార్తలతో పోల్చండి. ఆ వానలకే తిరుమలకు నడిచి వెళ్ళే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చినట్టు. గుర్తు లేదని నమ్మేయకండి. ఎవరైనా ఆ వీడియోను ఫోన్లో దాచుకుని కొత్తగా పంపితే బాణాలు పోతాయి.

చెరువు కట్ట మాట వస్తే మాత్రం ఇంకా జాగ్రత్త. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం వచ్చి దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. అలాంటి ఊళ్ళకు ఉత్తుత్తి కబురు పోతే ముసలివాళ్ళను, పశువులను వెంటబెట్టుకుని అర్ధరాత్రి పరుగెత్తాలి. రెండుసార్లు అలా జరిగిందంటే, మూడోసారి తహసీల్దారు నిజంగా వచ్చి చెప్పినా కదలరు. కట్ట గురించి అధికారులు చెప్పనిదే ఒక్క ముక్క పంపొద్దు. అక్కడే ఉండి కళ్ళారా చూస్తే గ్రూపులో పెట్టేముందు 112కు ఫోన్ చేయండి.

పొరపాటున పంపేశారా? డిలీట్ చేస్తే మీ గ్రూపులో పోతుంది, అప్పటికే వేరేచోటికి వెళ్ళిన కాపీలు పోవు. అందుకని అదే గ్రూపులో "ఇందాక నేను పెట్టింది 2021 వీడియో, ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళకూ చెప్పండి" అని రాయండి.

ఆశీస్సులతో,
మీ తాత