పశువైద్య ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలో పీజీ: అపోహలు - వాస్తవాలు

"నేరుగా వైద్యం చేసే క్లినికల్ విభాగంలో సీటు రాలేదా?" ఫిజియాలజీ తీసుకున్నానని చెప్పినప్పుడు నన్ను చాలామంది ఇలాగే అడిగారు. ఇప్పుడు నా దగ్గర చేరిన పీజీ విద్యార్థులనూ అదే అడుగుతున్నారు. వాళ్ళు ఆ మాట విని చిన్నబోతుంటే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వైద్యానికీ ఈ సబ్జెక్టుకీ సంబంధం లేదు.

వాస్తవం: ఈనిన మర్నాడు లేవలేక పడుకుండిపోయిన ఆవును దగ్గరగా చూడండి. మెడ వెనక్కి తిప్పి డొక్కకు ఆనించి ఉంటుంది, చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. పేరుకు పాల జ్వరమే గానీ ఒళ్ళు వేడిగా ఉండదు. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోవడంతో, రక్తంలో డెసిలీటరుకు 8.5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉండాల్సినది 5 కంటే కిందికి దిగిపోవచ్చు. అది చాలకపోతే నరం చివర కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం సరిగా విడుదల కాదు, కండరానికి కబురు అందదు. గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే ముందు కండరాలు వణుకుతాయి. ముట్టె మీద చెమట బొట్లు పుడతాయి, తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది. కాసేపటికి లేచి నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇదే కాల్షియం పాలిచ్చే కుక్కలో తగ్గితే అది ఆవులా వాలిపోదు. కాళ్ళు బిగుసుకుపోతాయి, ఫిట్స్ వస్తాయి, ఒళ్ళు కాలిపోతుంది. కుక్కలో నరం నుంచి కండరానికి కబురు ఆగదు, పైగా నరాలు ఊరికే ఉద్రేకపడతాయి. లోపం ఒక్కటే అయినా లక్షణాలు ఇంత ఎదురెదురుగా ఎందుకున్నాయని వెతకడమే మేం చేసే చదువు.

అపోహ: మనుషుల బయోకెమిస్ట్రీ తెలిస్తే చాలు.

వాస్తవం: రక్తంలో గ్లూకోజ్ 50 ఉందంటే మనిషికి కంగారు పడాలి. ఆవుకు అది మామూలే. మేతలోని పిండిపదార్థాన్ని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే ముందు ఆమ్లాలుగా మార్చేస్తాయి. వాటిలో ప్రొపియోనేట్‌ను తీసుకుని కాలేయం గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. ఇక పిల్లి సంగతి: మనం వేసుకునే పారాసెటమాల్ దాని ప్రాణం తీయగలదు, ఆ మందును హాని లేని రూపంలోకి మార్చి బయటికి పంపే ఎంజైము దాని కాలేయంలో చాలినంత లేదు.

అపోహ: ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ రెండూ ఒకటే.

వాస్తవం: కావు. అవయవం ఎలా పనిచేస్తుందన్నది ఒకటి, ఆ పని వెనక అణువుల మధ్య ఏం జరుగుతుందన్నది మరొకటి. థీసిస్‌లో మాత్రం రెండూ కలవక తప్పదు.

అపోహ: ఒంట్లో జరిగే రసాయన చర్యల సైకిళ్ళు బట్టీ పడితే పీజీ గట్టెక్కుతుంది.

వాస్తవం: పరీక్ష గట్టెక్కుతుందేమో, పరిశోధన గట్టెక్కదు. నా థీసిస్ మొదటి విడతలో ఆవుల గ్లూకోజ్ అంకెలన్నీ బాగా తక్కువ వచ్చాయి. కీటోసిస్ (గ్లూకోజ్ చాలక ఒంట్లో కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే జబ్బు) అనుకుని రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే, తెల్లవారుజామున తీసిన రక్తం మామూలు ట్యూబుల్లో మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉండిపోయింది. ట్యూబులో కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, గంటగంటకూ గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. కణం గ్లూకోజ్‌ను విరిచి వాడుకునే గ్లైకాలిసిస్ మొత్తం కంఠతా వచ్చిన నాకు అది నా చేతిలోని ట్యూబులోనే జరుగుతోందని తట్టలేదు. ఆ శాంపిళ్ళన్నీ పారబోసి, గ్లూకోజ్ ఖర్చును ఆపే ఫ్లోరైడ్ ట్యూబులు, ఐసు పెట్టె పట్టుకుని మళ్ళీ ఆవుల దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడు మా ల్యాబులో రక్తం తీసిన టైము రాయని ట్యూబును నేను మెషీన్ దాకా రానివ్వను.