సంతకం అడిగితే ప్రయోగమేనా? పిల్లల వార్డులో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

గత వర్షాకాలంలో ఒక రాత్రి, మా యూనిట్ అడ్మిషన్ రోజున, రెండు రోజులుగా జ్వరంతో ఉండి ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చిన తొమ్మిది నెలల పాపను తల్లిదండ్రులు తీసుకొచ్చారు. మాడు ఉబ్బి ఉంది, పాప మత్తుగా ఉంది. మెదడు పొరలకు సోకే ఇన్ఫెక్షన్ అయిన మెనింజైటిస్ అని అనుమానించిన మా రెండో సంవత్సరం పీజీ (ఎండీ చదువుతున్న వైద్యురాలు), యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చి, వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించవలసిన అవసరాన్ని వివరించి, అంగీకార పత్రం తండ్రి చేతికిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆయన వరండాలోకి వెళ్ళినప్పుడు ఎవరో, "ఇది కాలేజీ ఆసుపత్రి, సంతకం పెట్టావంటే నీ బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారు" అన్నారట. "స్థోమత లేక ఇక్కడికి వచ్చాం గాని మేడమ్, చదువుకునే వాళ్ళకు మా పాపను బొమ్మలా ఇవ్వలేం" అని చెప్పి, అర్ధరాత్రి దాటాక వెళ్ళిపోయారు. పరీక్షకు సంతకం పెట్టడానికి భయపడిన ఆ తండ్రి, సొంత బాధ్యతపై తీసుకెళ్తున్నానని రాసి ఉన్న మరో కాగితం మీద మాత్రం సంతకం పెట్టే వెళ్ళాడు. మూడో రోజున తిరిగి వచ్చారు. పాప బతికింది, కానీ రెండు చెవుల్లోనూ వినికిడి బాగా దెబ్బతిన్నది.

నేను పిల్లల వైద్య విభాగంలో పాఠం చెబుతూ, రోగులను చూస్తూ చాలా ఏళ్ళు గడిపాను. టీచింగ్ ఆసుపత్రి అంటే పిల్లల మీద ప్రయోగాలు చేసే చోటు అన్న ఈ ఒక్క మాట చేసినంత నష్టం మరే అపోహ వల్లా జరగగా నేను చూడలేదు. ఆ తండ్రి మీద నాకు కోపం లేదు, భయపడ్డ మనిషికి అర్ధరాత్రి తర్కం చెప్పలేం. వరండాలో నిలబడి ఆ మాట అన్న పెద్దమనిషి ఎవరో తెలిస్తే మాత్రం బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పిల్లల వార్డులో మీ ముందుకు వచ్చే కాగితాలలో తొంభై పాళ్ళు చికిత్సకు సంబంధించినవే. వెన్ను నుంచి నీరు తీయడం, రక్తం ఎక్కించడం, మత్తు ఇచ్చి స్కాన్ తీయడం వంటి వాటికి అనుమతి అడుగుతూ ఇచ్చే ఆ పత్రం కార్పొరేటు ఆసుపత్రిలోనూ అదే, మా దగ్గరా అదే. పరిశోధన పత్రం రూపమే వేరు. దానితోపాటు ఆ అధ్యయనం ఎందుకు, ఎవరు చేస్తున్నారు, బిడ్డకు కలిగే అసౌకర్యం ఏమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి తెలుగులో రాసిన సమాచార పత్రం ఇవ్వాలి, దాని ప్రతి మీ దగ్గరే ఉండాలి. వద్దన్నంత మాత్రాన చికిత్సలో ఏ మార్పూ ఉండకూడదన్నది నియమం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితోపాటు 7 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లల నోటి సమ్మతిని, 12 నుంచి 18 ఏళ్ళలోపు వారి రాతపూర్వక సమ్మతిని కూడా తీసుకోవాలి. ప్రతి అధ్యయనాన్నీ ముందుగా ఎథిక్స్ కమిటీ పరిశీలిస్తుంది, ఆ కమిటీకి సంస్థతో సంబంధం లేని వ్యక్తి అధ్యక్షత వహిస్తారు, సభ్యులలో న్యాయం తెలిసినవారూ, వైద్యంతో సంబంధం లేని సామాన్యులూ ఉంటారు. ఎండీ చదివే ప్రతి విద్యార్థీ మూడేళ్ళలో ఒక థీసిస్ రాయాలి గనుక మా వార్డులో ఎప్పుడూ ఏదో ఒక అధ్యయనం నడుస్తూనే ఉంటుంది, కానీ వాటిలో అత్యధిక భాగం, ఎలాగూ ఇచ్చే చికిత్సలో ఏ బిడ్డ ఎన్ని రోజులకు కోలుకున్నదో ఒక పద్ధతిలో రాసుకోవడమే.

ఈ అనుమానం గాలిలోంచి పుట్టలేదన్న సంగతిని కూడా దాచకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చిన అధ్యయన ప్రాజెక్టులో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. 2010లో ఆ ప్రాజెక్టును నిలిపివేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న వారిలో కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పినా, అనుమతి తీసుకున్న తీరులోని తప్పు తప్పే. ఆ తరువాత నిబంధనలు బిగుసుకున్నాయి. 2019 నాటి కొత్త నియమాల ప్రకారం, సరికొత్త మందును నిస్సహాయ స్థితిలో ఉన్నవారిపై పరీక్షించేటప్పుడు అంగీకారం తీసుకునే ప్రక్రియను వీడియో తీయాలి.

ఇక పరిశోధన జరగకపోతే పిల్లలు క్షేమంగా ఉంటారా అన్నది చూద్దాం. 1940లలో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. మంచిదే కదా అనుకున్నారు, ఎంత ఇవ్వాలో ఎవరూ కొలవలేదు. 1942లో బోస్టన్‌లో మొదటిసారి వర్ణించిన ఒక కంటి జబ్బు ఆ పసివాళ్ళలో ప్రబలి, ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10,000 మంది చూపు కోల్పోయిన తరువాత, 1953లో 18 ఆసుపత్రులు కలిసి ఎక్కువ ఆక్సిజన్, తక్కువ ఆక్సిజన్ ఇచ్చిన శిశువులను పోల్చి చూస్తే గాని ఎక్కువ ఆక్సిజనే కారణమని రుజువు కాలేదు. అంగీకార పత్రం లేకుండా, లెక్క రాయకుండా జరిగిన ప్రయోగమంటే అది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కథా అటువంటిదే. పెద్దలకు పనిచేసే మందును నవజాత శిశువులకూ ఇస్తూపోతే వాళ్ళ కాలేయం దానిని వదిలించుకోలేక, ఒళ్ళు బూడిదరంగుకు మారి చనిపోయారు, 1959లో మందు ఇచ్చిన, ఇవ్వని శిశువులను పోల్చి చూసేదాకా ఆ నేరం ఇన్ఫెక్షన్ ఖాతాలోనే పడింది.

మనవాళ్ళు మరచిపోకూడని ఉదాహరణ ఒకటి ఉన్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రచురించిన ఆ ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు వారాల్లో చనిపోయే జబ్బు అది. ఇవాళ సకాలంలో పూర్తి చికిత్స అందిన పిల్లల్లో అత్యధికులు కోలుకుంటున్నారు, ఆ మందుకు వారసురాలైన మెథోట్రెక్సేట్‌ను మా వార్డులో ఈ ఉదయం కూడా ఒక బాబుకు ఎక్కించారు. పసిపిల్లలకు తీవ్ర విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా వచ్చిన సంగతీ చెప్పాలి. ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల విభాగానికి చెందిన ఎం.కె. భాన్ గారి బృందం 1980లలో, విరేచనాలు లేకుండానే వైరస్ సోకిన నవజాత శిశువులలో 116ఈ అనే రోటావైరస్ రకాన్ని గుర్తించింది. హైదరాబాదు సంస్థ భారత్ బయోటెక్ దానిని టీకాగా మలచింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లల తల్లిదండ్రులు ఆ టీకాను పరీక్షించే అధ్యయనానికి ఒప్పుకోబట్టి, 2016లో ప్రభుత్వం ఉచితంగా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాలలో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌లో మన పిల్లలకు ఆ చుక్కలు అందాయి.

'జూనియర్లే చూస్తారు, పెద్ద డాక్టరు రారు' అన్నది రెండో ఫిర్యాదు. రాత్రి మీకు కనబడే పీజీ ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసిన వైద్యురాలే, ఆమెకు పైన సీనియర్ రెసిడెంట్, అసిస్టెంట్ ప్రొఫెసర్, యూనిట్ చీఫ్ వరుసగా ఉంటారు. ఒకే సంగతిని నలుగురు అడగడం విసుగు కలిగిస్తుందన్నది నిజమే, తల్లుల సహనానికి నేను దండం పెడతాను. కానీ ఒకసారి ఎన్ని యాంటీబయాటిక్‌లు మార్చినా తగ్గని న్యుమోనియాతో ఉన్న బాబు విషయంలో, నాతో సహా ముగ్గురం అడగని ప్రశ్నను ఒక ఎంబీబీఎస్ విద్యార్థి అడిగాడు. "స్నానం ఎవరు పోస్తారమ్మా, ఎలా పోస్తారు?" అని. స్నానం తరువాత రోజూ ముక్కులో ఆముదం చుక్కలు వేస్తున్నామని నాయనమ్మ నిదానంగా చెప్పింది. ఆ నూనే ఊపిరితిత్తులలోకి దిగుతున్నది. ఆ కుర్రవాడికి అప్పటికి మా విభాగంలో పోస్టింగు మొదలై వారం కూడా కాలేదు.

మిగిలినవి క్లుప్తంగా. వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయన్నది అబద్ధం, వెన్నుపాము ముగిసే చోటికి కిందనే సూది వేస్తాం. రక్తం తీసి అమ్ముకుంటారన్న మాటకు జవాబు చెప్పడానికి కూడా మనసొప్పదు, రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు పసిబిడ్డ నుంచి తీసేది ఒకటి రెండు మిల్లీలీటర్లు. పిల్లలకు వేరే విభాగం అనవసరమనే వారు, బొంబాయి జేజే ఆసుపత్రిలో జార్జ్ కొయెల్హో 1928లోనే దానిని ఎందుకు మొదలుపెట్టారో, 1953లో హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి ఎందుకు వెలిసిందో ఆలోచించాలి. పురిటిలో పోయిన తన పరిచారిక జ్ఞాపకం నీలోఫర్ రాకుమారిని అందుకు పురికొల్పిందని చెబుతారు.

కాగితం చేతికిస్తే భయపడకుండా, "ఇది వైద్యం కోసమా, పరిశోధన కోసమా?" అని అడగండి. పరిశోధన కోసమైతే ఇంటికి తీసుకెళ్ళి చదివించుకుని మర్నాడు చెబుతామనండి, మాకు అభ్యంతరం ఉండదు. ఆ పాప తండ్రి ఇప్పుడు ప్రతిసారీ ఇలాగే అడుగుతున్నాడు. మొన్న వినికిడి యంత్రం సరిచేయించడానికి వచ్చినప్పుడు, మెనింజైటిస్ తరువాత పిల్లల ఎదుగుదలను నమోదు చేసే ఒక థీసిస్ పత్రాన్ని మా పీజీ ఇస్తే, రెండు పేజీలూ చదివి, మూడు ప్రశ్నలు వేసి, మరో వారం గడువు అడిగి వెళ్ళాడు.