గూటి మీది ఆకు తీయకండి: ఊరి ఫొటోలపై అపోహలు - వాస్తవాలు

తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో నాది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు. తిండి పెట్టేవి అవే. పొద్దున షట్టర్ ఎత్తే ముందు మాత్రం కాలువ గట్టున ఓ గంట తిరుగుతాను. కొంగో, తూటిపువ్వో, పాలక్యాన్ల సైకిలో, ఏదో ఒకటి తీసి తెలిసినవాళ్ళకి పంపడం పన్నెండేళ్ళుగా అలవాటు. దీనికి పైసా రాదు. ఆదివారాలు నా వెంట కొందరు వస్తారు: కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, ఇంటిపని తెమల్చుకుని వచ్చే అక్కలు. వాళ్ళ నోట పదే పదే విన్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి కెమెరా లేనిదే మంచి ఫొటో రాదు

"ఫొటోలన్నీ మసగ్గా వస్తున్నాయయ్యా, కొత్త ఫోను కొనాలేమో" అన్నారు ఓ మాస్టారు. ఫోను తీసుకుని వెనక్కి తిప్పాను. లెన్సు మీద బొటనవేలి జిడ్డు, దాని మీద కాస్త విభూతి. జేబులో ఉన్న పాత పంచె ముక్కతో, నోటి ఆవిరి ఊది తుడిచాను. అంతకుముందు వీధిలైటు చుట్టూ పొగలా చిమ్మిన వెలుగు, తుడిచాక బల్బు దగ్గరే ఆగింది. ఇరవై వేల ఖర్చు పంచె ముక్కతో తప్పింది.

ఇక మెగాపిక్సెళ్ళ లెక్క (ఒక మెగాపిక్సెల్ అంటే బొమ్మలో పది లక్షల చుక్కలు). 50 మెగాపిక్సెళ్ళ ఫోన్లలో చాలా వాటిలో మామూలుగా తీస్తే ఫోను నాలుగేసి చుక్కలు కలిపి ఒకటి చేసి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళే ఇస్తుంది. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్ళకు కుదించేస్తుంది, అంటే రెండు మెగాపిక్సెళ్ళు కూడా ఉండదు. అవతలివాళ్ళు చూసేది ఆ రెండే. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ అనే ఆప్షన్ ఉంది, కొంత నయం. అసలు ఫైలే కావాలంటే డాక్యుమెంటుగా పంపాలి. (అలా పంపితే ఇంకోటి కూడా వెళ్తుంది. అది కింద చెబుతాను.)

పెద్ద కెమెరా దండగ అనడం లేదు. ఎగిరే లకుముకి పిట్టని పట్టాలంటే పొడుగు లెన్సు కావాల్సిందే. రెండు వేళ్ళతో స్క్రీను సాగదీస్తే పిట్ట దగ్గరికి రాదు, బొమ్మ అంచులు కత్తిరించి మిగిలిన ముక్కని పెద్దది చేస్తుంది అంతే. ఫోనుతో పిట్ట జోలికి పోకండి. పిట్ట వాలిన చెట్టు, చెట్టు కింద చేను, చేను మీద మంచు తీయండి. వాటికి ఫోను చాలు.

అపోహ: ఫొటోల కోసం ఎక్కడికైనా వెళ్ళాలి

ఉప్పలపాడు మాకు దగ్గరే. ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పక్షులకి పేరున్న నేలపట్టు చాలా దూరం. వెళ్ళండి, బాగుంటాయి. అయితే ఒక్కరోజు వెళ్ళి, అక్కడ అందరూ నిలబడే చోటే నిలబడి తీస్తే అందరికీ వచ్చిన ఫొటోయే వస్తుంది.

నాకు పనికొచ్చింది మా కాలువ పక్కన ఓ తాటిచెట్టు. వానలు మొదలయ్యాక దాని మట్టలకి గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. మగపిట్ట నెత్తిన పసుపు రంగేసుకుని, వరి ఆకుని ఓ పక్క నుంచి సన్నగా చీల్చి, ఆ పోగుని ముక్కున కరుచుకుని వస్తుంది. ముందు సగమే కడుతుంది. బోర్లించిన బుట్టలా ఉంటుంది, మధ్యలో అడ్డంగా ఓ పట్టీ. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, పోగులు లాగి చూస్తుంది. నచ్చితే మగపిట్ట మిగతా సగం, కిందికి వేలాడే గొట్టం, పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఎండిపోతుంది. పెళ్ళిచూపులకి ఇల్లు చూడ్డానికొచ్చిన ఆడపెళ్ళివారే!

ఇది మొదటి ఏడాది నాకు కనిపించలేదు. రెండో ఏడాది సగం గూళ్ళని చూసి గాలికి తెగాయనుకున్నాను. మూడో ఏడాది వరసగా నెలరోజులు అదే చెట్టు కింద, అదే మైలురాయి పక్కన నిలబడి తీస్తే, ఫొటోలన్నీ తేదీల వారీగా పెట్టుకున్నాక అర్థమైంది. విడిగా చూస్తే అందులో ఒక్కటీ గొప్ప ఫొటో కాదు. అన్నీ పక్కపక్కన పెట్టి పంపిన రోజున మాత్రం ఇరవై మంది ఫోను చేశారు.

అందుకే వచ్చినవాళ్ళకి నేనిచ్చే మొదటి పని ఇదే: ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చోటు ఎంచుకో, వారానికోసారి అక్కడే నిలబడి తియ్యి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నెర్రెలిచ్చిన బురద, నీళ్ళు వదిలిన రోజు ముందుగా కొట్టుకొచ్చే చెత్త, ఆ చెత్త వెనకాలే చేపల కోసం దిగే కొంగలు. దేనికీ టికెట్టు లేదు.

అపోహ: మిట్టమధ్యాహ్నం కెమెరా తీయకూడదు

మనుషుల ముఖాలకైతే నిజమే, కళ్ళ కింద నల్లగా నీడ పడుతుంది. పెళ్ళిళ్ళలో అభిజిల్లగ్నం అన్నప్పుడల్లా నాకు గుండె దడ. మిగతా వాటికి ఆ రూలు వర్తించదు. పాత నూతి అడుగుదాకా ఎండ దిగేది ఆ వేళకే. అరటాకు కింద కూర్చుని పైకి తీస్తే ఈనెలన్నీ కనిపించేదీ అప్పుడే. ఎండ మరీ మండితే కొన్ని రకాల తూనీగలు తోకని సూర్యుడికేసి నిటారుగా నిలబెడతాయి, అలా చేస్తే ఒంటికి తగిలే ఎండ తగ్గుతుంది. ఏడు గంటలకి వచ్చి ఎనిమిదికి వెళ్ళిపోయేవాడికి ఆ ఆసనం కనపడదు.

చందమామ సంగతి కూడా ఇక్కడే. "రాత్రి కదా, వెలుతురు పెంచాను, తెల్ల చుక్క వచ్చింది" అంటారు. చుట్టూ మనకి రాత్రి, చందమామ మీద మాత్రం పట్టపగటి ఎండ. స్క్రీను మీద చందమామని తాకి, వెలుతురుని బాగా కిందికి లాగండి. ఇంకో చిట్కా: పౌర్ణమి నాడు కాదు, ముందురోజు సాయంత్రం వెళ్ళండి. పొద్దు గుంకకముందే చందమామ లేస్తుంది, నేల మీద ఇంకా వెలుగుంటుంది, తాటిచెట్టూ చందమామా రెండూ ఒకే ఫొటోలో సరిగ్గా పడతాయి.

అపోహ: ఎడిట్ చేస్తే మోసం

మీరు వేలు నొక్కగానే ఫోను లోలోపల నాలుగైదు ఫొటోలు తీసి, కలిపి, రంగులు దిద్ది మీ చేతికిస్తుంది. ముట్టుకోని ఫొటో అనేది అసలు మీ చేతికి రావడమే లేదు. వెలుతురు కాస్త పెంచడం, వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం నా లెక్కలో వంటలో ఉప్పు వేయడం లాంటివి. లేని పిట్టని తెచ్చి కొమ్మ మీద కూర్చోబెట్టడం మాత్రం వేరే వంటకం. కరెంటు తీగలు చెరిపేసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. పసిరిక పిట్టలు పొద్దున్నే వరసగా కూర్చునేదే ఆ తీగల మీద కదా, ఎందుకు చెరపడం?

దసరాకి పాలపిట్ట ఫొటోల వరద చూసే ఉంటారు. చాలా వాటిలో పిట్ట పంజరంలో ఉంటుంది, లేదా ఎవరి చేతిలోనో ఉంటుంది, అంచులు కత్తిరించేసి 'మా పొలంలో కనిపించింది' అని పంపుతారు. దర్శనానికని వాటిని వల వేసి పట్టడం నేరం. ఆ ఫొటో అలా తిరిగే కొద్దీ వచ్చే ఏడాది ఇంకో నాలుగు పిట్టలు వలలో పడతాయి.

అపోహ: గూడు ఫొటో తీస్తే గూటికేం నష్టం, మనం ముట్టుకోం కదా

దీని గురించి చెప్పే అర్హత నాకు తప్పు చేయడం వల్లే వచ్చింది. స్టూడియో వెనక బోగన్‌విల్లా తీగకి తేనెపిట్ట గూడు కట్టింది. కొబ్బరికాయంత కూడా ఉండదు, సాలీడు దారంతో, ఎండాకులతో, బెరడు ముక్కలతో సంచిలా వేలాడుతుంది, పక్కన ద్వారం, ద్వారం మీద చిన్న చూరు. ఆ చూరుకి అడ్డంగా మూడు ఆకులు. ఫొటోకి అడ్డొస్తున్నాయని వాటిని వెనక్కి మడిచి దారంతో కట్టాను. తుంచలేదు, చూడండి, అంత జాగ్రత్త! తల్లిపిట్ట మెడ బయటికి పెట్టి చూస్తున్న ఫొటో వచ్చింది. నా జీవితంలో అంత మంచి ఫొటో అప్పటికి లేదు. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి గూడు చీలికలై ఉంది, గోడ మీద కాకి. ఆ మూడాకులూ ఉన్నది కాకి కంట పడకుండా ఉండడానికే.

ఆ ఫొటో ఎవరికీ పంపలేదు.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా చూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకిచ్చిన అర్థంలోనే, అడవి పక్షుల గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం చేరి ఉంది. తుపాకీ అక్కర్లేదు, దారం చాలు. పిట్ట కూతని ఫోనులో వినిపించి దాన్ని దగ్గరికి రప్పించడం కూడా ఇలాంటిదే. ఎవడో పోటీదారు వచ్చాడనుకుని అది మేత మాని మీ ఫోను చుట్టూ తిరుగుతుంది.

పైన డాక్యుమెంటుగా పంపితే ఇంకోటి వెళ్తుందన్నాను. అది చోటు. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలులోనే తేదీ, సమయంతో పాటు ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని తీసేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉంచేస్తుంది. పూలచెట్టైతే ఫరవాలేదు. నక్షత్ర తాబేలైతే? దొంగచాటుగా పట్టి అమ్మేవాళ్ళ బెడద ఎంతంటే, 2019లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలోకి ఎక్కించారు. మీ చేనులో అది కనిపిస్తే ఫొటో తీసుకోండి, ఊరిపేరు మాత్రం మింగేయండి. ఐనాచురలిస్ట్ (చూసిన జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే వెబ్‌సైటు) లాంటి చోట్ల ప్రమాదంలో ఉన్న జీవి అయితే అసలు చోటు కనపడనివ్వకుండా, దాదాపు 22 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఓ చుక్క చూపిస్తారు. మనం కూడా 'గుంటూరు వైపు' అంటే సరిపోతుంది.

అపోహ: బాగా రాని ఫొటో ఎవరికీ పనికిరాదు

మా ఆదివారం బృందంలో ఒకమ్మాయి తీసినవన్నీ కాస్త షేక్ అవుతాయి. ఐనాచురలిస్ట్‌లో పెట్టమన్నాను. అక్కడ ఫొటో అందం ఎవరికీ పట్టదు. ఏ జీవి, ఏ రోజు, ఎక్కడ, ఈ మూడూ ఉండి, చూసినవాళ్ళలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువ మంది ఒకే పేరు చెబితే అది పరిశోధనకి పనికొచ్చే నమోదు అవుతుంది. ఆ అమ్మాయి తీసిన మసక సీతాకోకచిలుకకి రెండు రోజుల్లో పేరొచ్చింది. నా నిగనిగలాడే సూర్యోదయానికి ఏ శాస్త్రవేత్తా పేరు పెట్టలేదు.

2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక దాదాపు 30 వేల మంది పక్షిప్రియులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల మీద నిలబడింది. వాళ్ళలో ఎక్కువమంది నాలాంటి, మీలాంటి వాళ్ళే. పాలపిట్టలు 30 శాతానికి పైగా తగ్గాయన్న సంగతి బయటపడింది కూడా అందులోంచే. ఫలానా రోజు, ఫలానా తీగ మీద పాలపిట్ట ఉందని ఎవరో రాసి పెట్టకపోతే, తగ్గిందని ఎలా తెలుస్తుంది?

అపోహ: నెట్‌లో పెట్టాక అది అందరి సొత్తు

కాదు. తీసిన క్షణం నుంచి ఫొటో హక్కు తీసినవారిదే, ఎక్కడా రిజిస్టరు చేయించనక్కర్లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ఆ హక్కు తీసినవారి జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. తమాషా ఏంటంటే నేను తీసే పెళ్ళి ఫొటోలకి ఇది వర్తించదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే కూటికోసం తీసినవి వాళ్ళవి, ఊరికే తీసినవి నావి.

ఓసారి ఓ కొట్లో క్యాలెండరు చూస్తే మార్చి నెల మీద మా తాటిచెట్టు. కింద మూల నా పేరుండాల్సిన చోట నీట్‌గా కత్తిరించారు. అచ్చు వేసినాయన దగ్గరికి వెళ్తే 'గూగుల్లో దొరికింది' అన్నాడు. తేదీ, సమయం ఉన్న అసలు ఫైలుని నా ఫోనులో చూపించాను. వాదన పెరగలేదు. నాలుగు వేలు, ఇరవై క్యాలెండర్లు ఇచ్చాడు. క్యాలెండర్లు ఇంకా ఉన్నాయి, కావాలంటే తీసుకెళ్ళండి. కాబట్టి బొమ్మ మధ్యలో పెద్దగా పేరు అచ్చొత్తి పాడు చేయకండి. కుదించిన ఫొటోనే పంపండి, అసలు ఫైలు దగ్గర ఉంచుకోండి.

మనుషుల విషయంలో మాత్రం హక్కుల మాట పక్కన పెట్టి అడిగి తీయండి. నాట్లేసే ఆడవాళ్ళని గట్టు మీంచి దొంగచాటుగా తీసి 'పల్లె అందాలు' అని పంపేవాళ్ళంటే నాకు పడదు. ఒకసారి అడిగి చూడండి, "మాకూ పంపయ్యా" అంటారు.

అపోహ: ఫోనులో ఉంటే భద్రంగా ఉన్నట్టే

కనీసం రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట, అంటే ఆన్‌లైనో, అన్నయ్య ఇంట్లో హార్డ్ డిస్కో. నేను ఇది అందరికీ చెప్పేవాడిని, చేసేవాడిని కాదు. ఓ కార్తీకమాసం పొద్దున కాలువలో వదిలిన దీపాలు తీద్దామని రేవు మెట్ల మీద ఒంగాను. చొక్కా పైజేబులో ఉన్న రెండో ఫోను, పద్నాలుగు నెలల ఫొటోలతో సహా, దీపాల వెనకాలే వెళ్ళింది. ఈతొచ్చిన కుర్రాళ్ళు ముగ్గురు దిగి గంటసేపు వెతికారు. వాళ్ళకి దొరికింది ఒక ఇత్తడి చెంబు.