మొక్కలు నాటినావిడకు శాంతి బహుమతి ఎందుకు?

బుజ్జీ, చిన్నా,

మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "శాంతి బహుమతి యుద్ధాలు ఆపినవాళ్లకు కదా ఇవ్వాలి నానమ్మా, మొక్కలు నాటినావిడకు ఎందుకిచ్చారు?" అన్నారు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వంగారి మాథాయ్‌ది కెన్యా. పెద్ద చదువులు చదివి నైరోబీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. పల్లెల్లోని ఆడవాళ్లను మీ కష్టాలేమిటని అడిగితే, కట్టెలు దొరకడం లేదన్నారు, మంచినీళ్లు దూరమయ్యాయన్నారు, పిల్లలకు సరైన తిండి లేదన్నారు. ఆలోచిస్తే అన్నీ ఒకే కష్టమని ఆవిడకు తెలిసింది. వ్యాపార పంటల తోటల కోసం అడవులు కొట్టేశారు. కట్టెలు కరువయ్యాయి. దాంతో చాలాసేపు ఉడకాల్సిన గింజలు వండటం తగ్గించి, తల్లులు తొందరగా ఉడికేవి పెట్టసాగారు. పిల్లలకు బలం తగ్గిపోయింది. ఎక్కడో చెట్టు కొడితే ఆ దెబ్బ పిల్లల కంచంలో తగిలింది చూడండి. ఆవిడ కథలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

అలా 1977లో ఏడు మొక్కలతో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలైంది. చదువు లేని ఆడవాళ్లు నారు పెంచలేరని అటవీ శాఖ వాళ్లు అన్నారు. వాళ్లేమో పగిలిన కుండల్లో మట్టి పోసి పెంచి చూపించారు. బతికిన ప్రతి మొక్కకూ వాళ్ల చేతికి కొంత డబ్బు వచ్చేది. అలా కోట్ల చెట్లు లేచాయి.

1989లో నైరోబీలో అందరూ సేదతీరే ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కడతామంటే ఆవిడ ఎదురు నిలిచారు. పార్లమెంటులో ఎగతాళి చేసినా తగ్గలేదు. ఆ భవనం లేవలేదు. 1992లో, జైళ్లలో ఉన్న రాజకీయ ఖైదీల తల్లులతో కలిసి అదే పార్కులో నిరాహార దీక్షకు కూర్చుంటే, పోలీసులు ఆవిడను స్పృహ తప్పేలా కొట్టారు. చెట్టు అడిగినా, కొడుకును అడిగినా ఆ తల్లులకు ఎదురైంది ఒకే సర్కారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఇదంతా కలిపి చూసే.

అలాంటి ఆడవాళ్లు మన జహీరాబాద్ వైపూ ఉన్నారు. ఎక్కువమంది దళిత మహిళలు. వాళ్లకున్నవి చెలక భూములు, అవీ చాలావరకు బీడు పడ్డవి. చౌక బియ్యం వచ్చాక జొన్నల మీద అందరికీ చిన్నచూపు ఏర్పడింది. 1980లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి వాళ్లు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. బీళ్లు దున్ని జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేశారు. విత్తనాలను మట్టితో అలికిన బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపి దాచారు. విత్తనం అప్పు తీసుకున్న మనిషి, పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగిస్తుంది.

పండిన జొన్నల్లో కొంత ఊరి ధాన్యం నిధికి పోసేవారు. అందులోంచి పేదలకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఎవరు పేదలో తేల్చడానికి ఆఫీసు కాగితాలు చూడలేదు. నేల మీద ముగ్గుతో ఊరి బొమ్మ గీసి, ఏ ఇంట్లో పొయ్యి ఎన్ని రోజులు వెలగడం లేదో కూర్చుని చెప్పుకునేవారు. ఇంతకంటే న్యాయమైన లెక్క నేను వినలేదు.

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు తెలుసు కదా? ఆ మొక్క లేత ఆకు కూర వండుతారు. అది చేలో దానంతటదే మొలుస్తుంది. కలుపు మందు కొడితే రైతుకు కలుపు పోయినట్టే, కానీ జానెడు నేల లేని అమ్మకు ఆ పూట కూర పోతుంది. అందుకే ఈ సంఘాల వాళ్లు ఆ మందులు వద్దంటారు.

2008లో మాచనూరులో వాళ్లే సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

సంక్రాంతి సెలవులకు వస్తారు కదా, పాత పంటల జాతర మొదలయ్యేది అప్పుడే. విత్తనాల బుట్టలు పెట్టుకుని ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. మనమూ ఒక బండి వెంట నడుద్దాం. ఏ గింజ పేరేమిటో ఆ అమ్మలనే అడుగుదురు గాని.

మీ నానమ్మ