తొలి చినుకులకి రోడ్డు ఎందుకు జారుతుంది?

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు మొన్న వాట్సాప్‌లో అడిగాడు: "అన్నయ్యా, మీ బెంగళూరులో కుంభవృష్టి కురిసినా బళ్ళు ఎలాగో వెళ్ళిపోతాయి, ఇక్కడ నాలుగు చినుకులు పడితే చాలు ఫ్రీవే మీద గుద్దుకుంటారు. వీళ్ళకి డ్రైవింగ్ రాదా ఏంటి?" వానలో నడపడం అలవాటు లేకపోవడం కొంత కారణమే. ఎడారి ఊరు కదా, ఏడాది మొత్తం మీద 180 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కానీ అసలు గొడవ రోడ్డు చర్మంలో ఉంది, నాకు మహా ఇష్టమైన సంగతి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఇళ్ళలో రుబ్బురోళ్ళు ఉన్న రోజుల్లో, రోలు నున్నబడితే పిండి మెదగదని గంట్లు కొట్టించేవాళ్ళు. రోడ్డూ అంతే. పైకి కనిపించే కంకర రాయికి మిల్లీమీటరులో సగం కూడా లేని సన్నటి గరుకు ఉంటుంది, ఆ మొనలే పల్చటి నీటి పొరని చీల్చుకుని టైరు రబ్బరుని తాకుతాయి. నెలల తరబడి వాన లేకపోతే టైర్ల కింద సన్నటి దుమ్ము ఆ మొనల్ని నూరుతూ ఉంటుంది. పైగా ఇంజిన్ల నుంచి కారిన ఆయిలు, అరిగిన రబ్బరు పొడి గంట్లలో కూరుకుంటాయి. అప్పుడు జల్లు పడిందనుకోండి, కడగడానికి చాలదు, కలపడానికి సరిగ్గా సరిపోతుంది! రోల్లో రుబ్బుడు మొదలైనట్టే, జిగట పిండి తయారు. గట్టి వాన పడితే ఇదంతా కొట్టుకుపోతుంది, తర్వాతి తడికి రోడ్డు అంత జారదు. అమెరికా ప్రమాదాల లెక్కలు విశ్లేషించినవాళ్ళకీ ఇదే తేలింది: కిందటి వాన పడి ఎన్ని ఎక్కువ రోజులైతే, వాన పడ్డ రోజున ప్రమాదాలు అంత ఎక్కువ.

బెంగళూరులో మార్చి, ఏప్రిల్ మామిడి జల్లులప్పుడు టూవీలర్లు పడేది ఇందుకే. ఆయుధ పూజ నాడైతే మనమే స్వయంగా నడిరోడ్డు మీద బూడిద గుమ్మడికాయలు పగలగొట్టి ఆ జిగటకి ఏర్పాటు చేస్తాం. బండికి దిష్టి తీసి, వెనక వచ్చేవాడి నడుం విరగ్గొట్టడం ఏం భక్తో నాకు తెలీదు.

ఎండ ఇంకో దెబ్బ. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, నల్ల రోడ్డు గాలి కన్నా బాగా ఎక్కువ వేడెక్కుతుంది. తారు మెత్తబడి పైకి ఊరిందంటే గంట్లు తారులోనే మునిగిపోతాయి. అందుకే తారు చిక్కదనాన్ని 60 డిగ్రీల దగ్గర కొలుస్తారు.

మరి ఎడారి ఊరు ఏం చేస్తుంది? పాత టైర్ల పొడిని తారులో కలపడం 1960లలో ఫీనిక్స్ నగర ఇంజినీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టాడు. 2003 నుంచి అక్కడి కాంక్రీటు ఫ్రీవేల మీద చప్పుడు తగ్గించే రబ్బరు తారు పొర వేశారు. ఎండకి అది పెచ్చులూడుతుంటే ఇప్పుడు చాలాచోట్ల గీకేసి, కింది కాంక్రీటుకి వజ్రపు బ్లేడ్లతో నిలువు గాళ్ళు కోస్తున్నారు. అక్షరాలా గంట్లు కొట్టించడమే.

ఈ పనులకి డబ్బు సంగతి కూడా ఉంది. అరిజోనాలో రోడ్ల కోసం గ్యాలన్ పెట్రోలు మీద వేసే పన్ను 1991 నుంచీ 18 సెంట్ల దగ్గరే ఆగిపోయింది, ధరలతో పాటు పెరగలేదు. అందుకని ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ జనం 1985లో ఓటేసి, అమ్మకాల మీద అర శాతం పన్ను రోడ్ల కోసం తమ మీద తామే వేసుకున్నారు, 2004లోనూ 2024లోనూ పొడిగించారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మన దగ్గర వైట్ టాపింగ్ రోడ్డు (పాత తారు మీద కాంక్రీటు పరిచినది) మీద అడ్డంగా దువ్వినట్టు గీతలుంటాయి చూడండి, పచ్చి కాంక్రీటులో పెట్టిన గంట్లే అవి. చక్రాలు నడిచే దారిలో ముందు అరుగుతాయి. ఆయిలు మాత్రం లేన్ మధ్యలో కారుతుంది, సిగ్నల్ గీత వెనకైతే మరీ. మొదటి జల్లులో బైకు మీద ఉంటే ఆ నల్ల మరక మీదా, పెయింటు వేసిన జీబ్రా గీతల మీదా బ్రేకు వేయకండి.