‘థ్రాన్’ అంటే మొండితనం ఒక్కటేనా? ఒక స్కాట్స్ మాట గురించి అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషలోని కథలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నవారికి చాలా తొందరగా ఎదురయ్యే మాటల్లో ‘థ్రాన్’ ఒకటి. అర్థమైందనుకున్న మరుక్షణమే అది వేరొక వాక్యంలో వేరొక ముఖంతో కనిపిస్తుంది. జేబు నిఘంటువులు దీనికి ‘మొండి’ అన్న ఒక్క అర్థం చెప్పి ఊరుకోవడం వల్ల దాని చుట్టూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి. అనువాదంలో అవి నిజమైన నష్టం చేస్తాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ: ఇది గేలిక్ మాట.

వాస్తవం: గేలిక్ కెల్టిక్ కుటుంబానికి చెందిన భాష, ఐరిష్‌కు దగ్గరి చుట్టం. స్కాట్స్ అలా కాక, ఉత్తర ఇంగ్లండులోనూ నేటి స్కాట్లాండ్ ఆగ్నేయ ప్రాంతంలోనూ మాట్లాడిన పాత ఇంగ్లీషు మాండలికం నుంచి పుట్టి, తనదైన దారిలో పెరిగిన భాష. ‘థ్రాన్’ ఈ రెండో కుటుంబానిది. ఈ రెండు భాషలకూ అధికార హోదా కల్పించే చట్టాన్ని స్కాట్లాండ్ పార్లమెంటు 2025లో ఆమోదించింది.

అపోహ: విసరడమనే అర్థమున్న ఇంగ్లీషు ‘థ్రో’ క్రియకు రూపమైన ‘థ్రోన్’ను పల్లె జనం వంకరగా పలికితే ‘థ్రాన్’ అయింది.

వాస్తవం: అనువాదకులను అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది ఈ అభిప్రాయమే. పాత ఇంగ్లీషులో ‘థ్రావన్’ అనే క్రియ ఉండేది. తిప్పడం, మెలిపెట్టడం దాని అర్థాలు. అందులోని దీర్ఘమైన ‘ఆ’ దక్షిణాన ‘ఓ’గా మారితే, ఉత్తరాన ‘ఆ’కు దగ్గరగానే నిలిచింది. అందుకే మంచును ఇంగ్లీషువారు ‘స్నో’ అంటే స్కాట్స్ మాట్లాడేవారు ‘స్నా’ అంటారు. కాకిజాతి పక్షి అక్కడ ‘క్రో’, ఇక్కడ ‘క్రా’. గాలి వీచడం అక్కడ ‘బ్లో’, ఇక్కడ ‘బ్లా’. ఆ వరుసలోనే ‘థ్రో’కు జంటగా ‘థ్రా’ నిలిచింది, దాని భూతకాల విశేషణమే ‘థ్రాన్’. ఇంత క్రమబద్ధంగా మాట తర్వాత మాటలో కనిపించే తేడాను ఉచ్చారణ లోపమనడం భాషాశాస్త్రం దృష్టిలో నిలవదు.

అర్థం విషయంలోనైతే పాత ఆస్తిని కాపాడుకున్నది స్కాట్సే. ఇంగ్లీషు ‘థ్రో’లో విసరడమనే అర్థం ముందుకు వచ్చి, మెలిపెట్టడమనే మొదటి అర్థం దాదాపు మరుగునపడింది. పట్టుపోగులకు పురిపెట్టే పనిని ఇంగ్లీషువారు నేటికీ ‘థ్రోయింగ్’ అనడంలో ఆ అర్థపు జాడ మిగిలి ఉంది. జర్మన్‌లో తిప్పడమనే అర్థమిచ్చే ‘డ్రేయెన్’ కూడా ఈ వంశానిదే.

అపోహ: ‘థ్రాన్’కు మొండి అన్న ఒక్క అర్థమే ఉంది.

వాస్తవం: ఈ మాటను మనిషి స్వభావం వైపు నుంచి కాక, చేతిపని వైపు నుంచి చూడడం మంచిదని నా అనుభవం. స్కాట్స్‌లో తాళంచెవిని తిప్పడం ‘థ్రా’, కోడి మెడ మెలిపెట్టి విరవడం ‘థ్రా’, గడ్డిని పేని తాడు చేయడమూ ‘థ్రా’. ఈ చివరి పనికి వాడే వంపు కొక్కెంలాంటి పనిముట్టుకు ‘థ్రాక్రుక్’ అని పేరు. వరిగడ్డితో వెంటి పేనడం చూసిన తెలుగు పాఠకులకు ఈ పని కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. గడ్డిని ఒకవైపు పట్టి ఉంచి మరోవైపు తిప్పుతుంటే మెలిక ఎక్కి బిగుస్తుంది, చేయి వదిలితే వెనక్కి తిరగడానికి చూస్తుంది. ఆ బిగువూ ఆ ఎదురుతిరుగుడూ కలిసిన స్థితే ‘థ్రాన్’.

అక్కడి నుంచి అర్థాలు ఒకదాని వెంట ఒకటి సహజంగా వస్తాయి. గాలిదెబ్బకు మెలితిరిగి పెరిగిన చెట్టు ‘థ్రాన్’, చీలిక సాఫీగా రాని మెలికల కలప ‘థ్రాన్’, చిరాకుతోనో జబ్బుతోనో ఒక పక్కకు వంగిన మూతి ‘థ్రాన్’. అనుకున్న పని సాగనివ్వకుండా చికాకుపెట్టే వాతావరణాన్నీ అలాగే అంటారు. వీటన్నిటి తర్వాతే మాట మనిషి మనసును చేరుతుంది. చెప్పినకొద్దీ ఎదురుతిరిగే మనిషి, తోసినకొద్దీ వెనక్కి తన్నుకునే మనిషి ‘థ్రాన్’ అవుతాడు. 1931 నుంచి 1976 వరకు పది సంపుటాలుగా వెలువడిన స్కాట్స్ జాతీయ నిఘంటువు వంటి పెద్ద నిఘంటువును తెరిచి చూసినవారికి ఈ విస్తృతి తెలుస్తుంది. ఒక్క పదంతో అర్థం చెప్పే చిన్న పుస్తకాలతో ఈ భాషను అనువదించబూనడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: అది తిట్టే.

వాస్తవం: చాలా సందర్భాల్లో మందలింపే, కాని ఎప్పుడూ కాదు. మాట వినని పిల్లవాణ్ణి తల్లి ‘థ్రాన్’ అన్నప్పుడు అందులో విసుగు ఉంటుంది. బలవంతుల ముందు తల వంచని వృద్ధురాలి గురించి ఊరివారు అదే మాట అన్నప్పుడు గౌరవం ధ్వనిస్తుంది, తమ జాతి స్వభావమే అదని గర్వంగా చెప్పుకునే స్కాట్‌లూ ఉన్నారు. ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అన్నారన్నది తెలియకుండా ఈ మాటను అనువదించకూడదు.

అపోహ: తెలుగులో ‘మొండి’ అని పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: మన ‘మొండి’ వెనుక ఉన్న బొమ్మ వేరు. మొండి చెయ్యి, మొండి కత్తి, మొండి గోడ వంటి ప్రయోగాల్లో తెగిపోవడం, పదును లేకపోవడం, సగంలో ఆగిపోవడం కనిపిస్తాయి. మెలిక జాడ లేదు. ‘వక్రబుద్ధి’లో మెలిక ఉన్నా కపటం వచ్చి చేరుతుంది, ‘థ్రాన్’ మనిషిలో కపటం ఉండనవసరం లేదు, అతని ఎదురుతిరుగుడు పట్టపగలు అందరి ముందే జరుగుతుంది. నాకు దగ్గరగా తోచేది ‘పెడ’ అనే మన పాత ముక్క. పెడముఖం, పెడచెవిన పెట్టడం, పెడరెక్కలు విరిచి కట్టడం అన్న మాటల్లో శరీరం పక్కకో వెనక్కో తిరగడం ఉంది, ‘పెడసరం’ అన్నప్పుడు అదే తిరుగుడు స్వభావంగా మారుతుంది. అందువల్ల వృద్ధుడి విషయంలో ‘పెడసరపు మనిషి’ అని, పిల్లవాడి విషయంలో ‘పెంకి’ అని, చెట్టు విషయంలో ‘మెలితిరిగిన’ అని రాస్తాను. ఒకే మాటకు మూడు మాటలు వాడడం వల్ల మూలంలోని ఏకత్వం పోతుందన్న బాధ ఉంది, అయినా ఒకే తప్పు మాటను మూడు చోట్ల వాడడం కంటే ఇది మేలు.

ఈ ఎంపిక ఎంత ముఖ్యమో స్కాట్లాండ్ రచయిత ఆర్.ఎల్.స్టీవెన్సన్ 1881లో ప్రచురించిన ‘థ్రాన్ జానెట్’ కథ చూపిస్తుంది. చిన్న ఇంగ్లీషు ముందుమాట తర్వాత కథంతా స్కాట్స్‌లోనే సాగుతుంది. ఊరివారు మంత్రగత్తె అని అనుమానించిన జానెట్, సైతానును త్యజిస్తున్నానని పాదిరి ఎదుట ప్రమాణం చేసిన మరునాడే, ఉరితీసిన మనిషిలా మెడ ఒక పక్కకు మెలితిరిగి కనిపిస్తుంది. పాదిరి దాన్ని పక్షవాతమనుకుంటాడు. ఊరు అలా అనుకోదు. ఆ ‘థ్రాన్’ ఆమె మెడది. మొదటిసారి చదివినప్పుడు నా నోటుపుస్తకంలో పేరును ‘మొండి జానెట్’ అని రాసుకున్నాను, కథ సగానికి వచ్చేసరికి అది పూర్తిగా తప్పని తెలిసింది. ఆ పేరుతో అచ్చయి ఉంటే పాఠకుడు గయ్యాళి కథ కోసం ఎదురుచూసేవాడు, భయం పుట్టవలసిన చోట పుట్టేది కాదు. ఇప్పుడు నా ప్రతిలో ఆ పేరు ‘మెడ తిరిగిన జానెట్’.