ముందు నీడని కొలవండి

గుంటూరు

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ అమ్మమ్మ ఆశీస్సులు.

కుక్కపిల్లని తెచ్చుకున్నారనీ, పరీక్షలు అవ్వగానే పెరట్లో దానికి ఇల్లు కడతారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీరు గీసిన బొమ్మ కూడా పంపించింది. నాలుగు గోడలు, గుండ్రటి గుమ్మం, పైన ఎర్ర రేకు. బొమ్మ ముచ్చటగా ఉంది. కానీ అది మంచు కురిసే దేశాల్లో కుక్కకి కట్టే ఇల్లమ్మా. అక్కడ ఒంటి వేడి బయటికి పోకూడదని గదిని చిన్నగా, మూసేసినట్టు కడతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన విజయవాడలో ఆ ఇల్లు కుక్కకి పొయ్యి అవుతుంది.

ఇది నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మీ అమ్మ ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో టైగర్ ఉండేవాడు. వాడికని చుట్టూ రేకు కొట్టిన పెట్టెలాంటి గూడు చేయించాం. వాడు అందులోకి వెళ్లేవాడు కాదు. మొండివాడనుకున్నాం. మే నెలలో ఒకరోజు చుట్టాలు వస్తున్నారని మధ్యాహ్నం వాడిని అందులో పెట్టి గడియ వేశాం. గంట తర్వాత తీసేసరికి పక్కకి వాలిపోయి ఉన్నాడు. నాలుక ముదురు ఎరుపుగా మారింది, నోటి చుట్టూ చిక్కటి చొంగ. తాతయ్య ఎత్తుకొచ్చి ఫ్యాన్ కింద పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లతో తడిపారు. బతికాడు. ఆ గూటి వైపు మాత్రం మళ్లీ వెళ్లలేదు. అరటిచెట్ల మొదట్లో, తడి ఆరని మట్టిలో తనే గుంట తవ్వుకుని ఎండాకాలమంతా అక్కడే పడుకున్నాడు. మాకు తెలియని సంగతి వాడికి మొదటి నుంచీ తెలుసు.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూ నోట్లోని తడిని గాలికి ఆరనిచ్చి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలి ఆడని పెట్టెలో దాని ఊపిరి తేమే నిండిపోతుంది. ఉక్కపోత రోజున దండెం మీద బట్టలు ఆరనట్టే ఆ తడీ ఆరదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దాటితే ప్రాణం మీదికొస్తుంది.

అందుకని రంపం పట్టుకునే ముందు ముగ్గు డబ్బా పట్టుకోండి. ఒంటిగంటకి, రెండింటికి, నాలుగింటికి పెరట్లో నీడ ఎక్కడిదాకా ఉందో చూసి దాని అంచు వెంట ముగ్గుతో గీత గీయండి. మూడు గీతలకీ లోపల పడే చోటే ఇంటికి చోటు. నాకు తెలిసి అది మీ ఇంటికి తూర్పు పక్కనే వస్తుంది, పడమటి ఎండని ఇంటి గోడే ఆపుతుంది కాబట్టి. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అనుకోకండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు.

చోటు కుదిరాక అరుగు కట్టాలి. నల్లరేగడి నేలయితే వానకి ఉబ్బి ఎండకి బీటలు వారుతుంది, పైన కట్టింది కదిలిపోతుంది. కాబట్టి రెండు జానల లోతు తవ్వి ఆ మట్టి తీసేసి, గ్రావెల్ నింపి, నీళ్లు పోసి దిమ్మిసతో కొట్టించండి. దాని మీద అడుగు ఎత్తున ఇటుకలు. లోపల డొల్ల వదలకండి, వదిలితే ఎలకలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. పైన నాపరాయి పరిస్తే నీడలో చల్లగా ఉంటుంది, కడిగితే శుభ్రమవుతుంది. కుక్కపిల్ల ఎక్కడానికి ముందు ఒక చిన్న మెట్టు కట్టండి.

కొలతలు పిల్లని చూసి పెట్టకండి, తల్లిని చూసి పెట్టండి. మన ఊరకుక్క పెద్దదయ్యాక కాళ్లు చాపి పడుకోవాలంటే నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కావాలి. ఎత్తు ఒక పక్క మూడున్నర, రెండో పక్క మూడు అడుగులుంటే కప్పుకి వాలు వస్తుంది. గుమ్మం తూర్పుకి పెట్టండి, పొద్దుటి ఎండకి లోపలి తడి ఆరుతుంది. చూరు మాత్రం అడుగైనా ముందుకి రావాలి, తుపాను వానలు మనకి ఆ వైపు నుంచే కొడతాయి.

వానని ఆపడానికి రేకు వేసుకోండి, కాదనను. అయితే దాని మీద వెదురు బద్దలు పరిచి, ఆ బద్దల మీద తాటాకు కట్టాలి. ఎండ తాటాకుకి తగులుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది, రేకు కాలదు. నమ్మకం కలగకపోతే రెండు రేకు ముక్కలు తీసుకుని ఒకదాని మీద తాటాకు కప్పి ఎండలో పెట్టండి. గంటాగి రెండిటి అడుగు భాగాలనీ జాగ్రత్తగా తాకి చూడండి. దీపావళికి మాత్రం ఆ పక్క టపాకాయలు కాల్చకండి.

గోడ పడమర ఒక్కటే నిండుగా ఉండాలి. మిగతా రెండు పక్కలా చెక్క బద్దలు చాలు, రెండు వేళ్ల సందు వదిలి కొట్టండి. అంతకన్నా ఎక్కువైతే కుక్కపిల్ల తల ఇరికించుకుంటుంది. మేకు మొనలు లోపలికి పొడుచుకు రాకూడదు. చెదలు పట్టకుండా చెక్కకి ఆటోనగర్ నుంచి పాత ఇంజనాయిల్ తెచ్చి పూయమని ఎవరైనా చెబితే వినకండి, పిల్లకుక్క ప్రతిదీ నాకుతుంది, కొరుకుతుంది. గోడ సందుల్లో గోమార్లు దాక్కుంటాయి కాబట్టి అక్కడ పిడుగురాళ్ల సున్నం నిండుగా కొట్టండి. పూర్తిగా ఆరేదాకా కుక్కపిల్లని అటు రానివ్వద్దు, తడి సున్నం నాలుకనీ పాదాలనీ కాలుస్తుంది.

ఇంకొకటి. ఆ ఇంటికి గడియ పెట్టొద్దు, గొలుసూ వద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లు ఎంత వేగంగా వచ్చాయో మీరు విన్నారు. కట్టేసి ఉంటే కుక్క ఈదడానికి వీలుండదు.

ఇల్లు తయారైనా రాత్రిళ్లు అప్పుడే అందులో పడుకోబెట్టకండి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే మట్టిలోకి పంపకండి, కుక్కపిల్లలకి ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. టీకాలన్నీ అయ్యేదాకా మీ మంచం పక్కన గోనెపట్టా మీద పడుకుంటుంది.

ముగ్గు గీతలు గీశాక ఫోటో తీసి పంపండి, మూడు గీతల పక్కనా టైము రాయండి. తాటాకులు నేను చెప్పి ఉంచుతాను, తాతయ్య బస్సులో తెస్తారు. కుక్కపిల్ల పేరు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మీ
అమ్మమ్మ